లిస్టులో నా పేరెందుకు లేదు? క్లోజ్డ్ బీటా ఇన్వైట్ల మీద ఒక కేస్ స్టడీ

రాత్రి పన్నెండు దాటాక వచ్చింది ఆ మెసేజ్. "అక్కా, లిస్టుల నా పేరు లేదు. నేనేం తప్పు జేసిన?"

జగిత్యాల అబ్బాయి. మా ఆటకు ట్రైలర్ కూడా లేని రోజుల నుంచీ మా డిస్కార్డ్‌లో (ఆటగాళ్ళు మాట్లాడుకునే చాట్ వేదికలో) ఉన్నాడు. కొత్తవాళ్ళు ఏదైనా అడిగితే మాకంటే ముందు తనే జవాబిచ్చేవాడు. ఆ సాయంత్రమే మా క్లోజ్డ్ బీటాకి, అంటే విడుదలకు ముందు పిలిచినవాళ్ళతోనే చేసే పరీక్షకి, మొదటి విడత ఇన్వైట్లు వెళ్ళాయి. అతనికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకు తెలుసు, కానీ చెప్పొద్దని పైనుంచి మాట. "తర్వాతి విడతలో చూద్దాం తమ్ముడూ" అని రాసి ఫోన్ బోర్లా పెట్టాను. నిద్ర పట్టలేదు.

"నాకెప్పుడొస్తుంది?" అని అడిగి ఉంటే అంత బాధ ఉండేది కాదు. తేదీ చెబితే సరిపోయేది. అతను అడిగింది తన తప్పు గురించి. ఇన్వైట్ రాకపోవడాన్ని తన మీద మేమిచ్చిన తీర్పుగా తీసుకున్నాడు. ఆ తర్వాత ఈ పనిలో నేను చదివినవి, చూసినవి, మార్చుకున్నవి అన్నీ ఆ ఒక్క మెసేజ్ నుంచే మొదలయ్యాయి.

ఏం జరిగింది

ఆట మొబైల్‌లో మల్టీప్లేయర్ క్రికెట్. స్టూడియో హైదరాబాద్‌లో చిన్నది. నేను కమ్యూనిటీ మేనేజర్‌ని. క్లోజ్డ్ బీటాతో మాకు తెలియాల్సినవి రెండే: సర్వర్ ఎంతమందిని మోస్తుంది, రకరకాల ఫోన్లలో ఆట ఎలా నడుస్తుంది. మా ప్లాన్‌లో రాసుకున్నదీ ఇదే. తీరా మనుషుల్ని ఎంచుకునే దగ్గరికి వచ్చేసరికి మార్కెటింగ్ వాళ్ళ మాట నెగ్గింది. సగం సీట్లు యూట్యూబర్లకి, వాళ్ళ టీములకి. మిగతా సగానికి, ఫారం నింపినవాళ్ళ పేర్లతో లాటరీ. బయటికి మాత్రం "ఎంపిక చేసిన కొద్దిమందికే" అని ఒక్క లైను పెట్టాం. ఆ లైను రాసింది నేనే. ఏ పద్ధతిన ఎంపిక చేశామో అందులో లేదు.

పెళ్ళి పిలుపుల దగ్గర మన ఊళ్ళలో ఏం జరుగుతుందో చూసినవాళ్ళకి మిగతా కథ తెలిసిపోతుంది. కార్డు అందనివాడు భోజనం పోయిందని బాధపడడు. పక్కింట్లో బొట్టు పెట్టి పిలిచి, తన గుమ్మం ముందు నుంచే దాటి వెళ్ళిపోయారని బాధపడతాడు. ఆ ముందు పదిసార్లు ఆ ఇంటి పనికి చేయి సాయం చేసినవాడైతే ఇక చెప్పక్కర్లేదు.

మొదటి రోజు ఇన్వైట్ స్క్రీన్‌షాట్లు వరదలా వచ్చాయి. రెండో రోజుకి పుకార్లు మొదలయ్యాయి: డబ్బులు తీసుకుని ఇస్తున్నారంట, ఫలానా యూట్యూబర్ తన తమ్ముళ్ళందరికీ ఇప్పించాడంట. ఒక టెలిగ్రామ్ గ్రూపులో మా ఆట ఏపీకే (ఫోన్‌లోకి నేరుగా ఎక్కించుకునే యాప్ ఫైలు) అంటూ ఎవరో ఏదో ఫైలు తిప్పారు. అది మాది కాదు. దాన్ని ఎంతమంది తమ ఫోన్లలోకి ఎక్కించుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ గుబులుగా ఉంటుంది.

మూడో రోజు మా మోడరేటర్ ఒకాయన మానేశారు. భీమవరం నుంచి జీతం లేకుండా, ఏడాది పాటు, రోజూ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక మా డిస్కార్డ్‌లో బూతులు ఏరిపారేసిన మనిషి. "ఏడాదిగా కాపలా కాసింది మేమండి. గేటు తీసేటప్పటికి కెమెరా ఉన్నోళ్ళని లోపలికి పంపారు. నాకు ఇన్వైట్ రాలేదని కాదండి, మాకు ముందుగా ఒక మాట చెప్పలేదు చూడండి, అదీ బాధ." ఆయన తిరిగి రాలేదు. రెండుసార్లు అడిగాను. మర్యాదగానే వద్దన్నారు.

ఇంకో చిక్కు మేం ఊహించనిది. గూగుల్ ప్లేలో క్లోజ్డ్ టెస్ట్‌కి జీమెయిల్ ఐడీల లిస్టు ఇవ్వాలి. లిస్టులో ఉన్నవాడు లింకు నొక్కి తాను టెస్టర్‌గా చేరినట్టు ఒప్పుకుంటేనే యాప్ కనిపిస్తుంది. మన పిల్లల ఫోన్లలో రెండు మూడు జీమెయిల్ ఐడీలు మామూలు: ఒకటి నాన్నది, ఒకటి కాలేజీ అడ్మిషన్‌కి తీసినది, ఒకటి తమది. ఫారంలో ఒకటి ఇస్తారు, ప్లే స్టోర్‌లో ఇంకోటి తెరిచి ఉంటుంది. ఇన్వైట్ వచ్చింది, లింకు నొక్కితే యాప్ అందుబాటులో లేదంటుంది. లాటరీలో గెలిచినవాళ్ళలో కూడా కొందరు, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారని మా మీద విరుచుకుపడ్డారు. అకౌంట్ మార్చి చూడమని మేం ముందే రెండు లైన్లు రాసి ఉంటే ఆ కోపం పుట్టేదే కాదు.

కౌంటర్-స్ట్రైక్ 2 దగ్గర ఏమైంది

ఇంత పెద్ద గొడవ మాలాంటి చిన్నవాళ్ళకే జరుగుతుందేమో అనుకున్నాను. అప్పుడు కౌంటర్-స్ట్రైక్ 2 అనే కంప్యూటర్ షూటింగ్ ఆటకి 2023లో కొద్దిమందితో నడిపిన లిమిటెడ్ టెస్ట్‌ని మొదటి నుంచీ తిరగేశాను. ఇన్వైట్ల విషయంలో అంతకంటే నేర్పిన కేసు నాకు ఇంకోటి దొరకలేదు.

2023 మార్చి 22న వాల్వ్ సంస్థ ఆటను ప్రకటించింది. అదే రోజు టెస్టు మొదలుపెట్టింది. పాత ఆట గ్లోబల్ అఫెన్సివ్ 2012 ఆగస్టులో వచ్చింది, అంటే పదేళ్ళు దాటింది. కొత్తది దాని స్థానంలోకి ఉచితంగా, అందరికీ వస్తుందని మొదటి రోజే చెప్పారు. అంటే ఇన్వైట్ రానివాడు పోగొట్టుకునేది కొన్ని నెలల సమయం ఒక్కటే. పైగా మొదట్లో ఆ టెస్టులో ఉన్నది డస్ట్ 2 ఒక్క మ్యాప్, ఒకటి రెండు మోడ్‌లు. వేల గంటలు ఆడినవాళ్ళకి కళ్ళు మూసుకున్నా దారి తెలిసిన మ్యాప్ అది. అయినా ఇన్వైట్ల మీద నెలల తరబడి రగడ నడిచింది.

ఇన్వైట్ ఎక్కడ కనిపిస్తుందో చూడండి. మెయిల్ రాదు. పాత ఆట తెరిస్తే మెయిన్ మెనూలో నోటిఫికేషన్, దాని మీద చేరడానికి ఒక బటన్. అది ఉందా లేదా అని చూసుకోవాలంటే రోజూ ఆట తెరవాలి. తెరిచిన ప్రతిసారీ ఖాళీ మెనూ కనిపిస్తుంది. ఎవరూ వద్దని చెప్పరు, ఆ ఖాళీయే ప్రతి పూటా ఆ మాట చెబుతుంది. ఆ ఏడాది మే నెలలో పాత ఆటలో ఒకే సమయంలో ఉన్నవాళ్ళ సంఖ్య 18 లక్షలు దాటింది. అంతమంది ముందు ఆ మెనూ తెరుచుకుంటోంది.

మరి ఎంపిక ఎలా? వాల్వ్ బొత్తిగా మౌనంగా లేదు. తాము ముఖ్యమనుకున్న కొన్ని అంశాలను బట్టి ఎంచుకుంటామని చెబుతూ మూడింటిని పేర్కొంది: వాల్వ్ అధికారిక సర్వర్లలో ఈ మధ్య ఆడిన సమయం, ట్రస్ట్ ఫ్యాక్టర్, స్టీమ్ (వాల్వ్ నడిపే ఆటల దుకాణం) అకౌంట్ స్థితి. ఇవి మాత్రమే కాదని కూడా అంది. చూడటానికి న్యాయంగానే ఉంది. అసలు గొడవ ఈ మూడింటిలోంచే పుట్టిందని నా అంచనా.

మొదటిది తీసుకోండి. ఈ ఆటను ప్రాణంగా ఆడేవాళ్ళలో చాలామంది ఫేసిట్ లాంటి బయటి వేదికల సర్వర్లలో ఆడతారు. అక్కడ పోటీ గట్టిది, మోసగాళ్ళ మీద నిఘా గట్టిది. అక్కడ రోజుకు ఐదు గంటలు ఆడినా వాల్వ్ లెక్కలో అది సున్నా. వాల్వ్ వైపు నుంచి చూస్తే అది సరైన షరతే. ఆటగాడు ఏ క్షణంలో ఏం చేశాడో ఇంకా కచ్చితంగా పట్టుకునే సబ్-టిక్ అనే కొత్త పద్ధతి నడిచేది వాళ్ళ సర్వర్ల మీద, కాబట్టి ఆ సర్వర్లలో ఆడేవాళ్ళే కావాలి. ఆ కారణాన్ని అలాగే చెప్పి ఉంటే ఫేసిట్ ఆటగాడు "ఓహో, నా ఆట వేరే చోట కాబట్టి" అనుకుని ఊరుకునేవాడు. చెప్పకపోవడంతో, ఆటకి తనకంటే తక్కువ సమయం పెట్టినవాళ్ళకి తనకంటే ఎక్కువ విలువ ఇచ్చారని లెక్క వేసుకున్నాడు.

రెండోది ఇంకా లోతైన గాయం. ట్రస్ట్ ఫ్యాక్టర్ 2017 నవంబర్‌లో వచ్చింది. స్టీమ్‌లో, ఆటలో మన నడవడిని బట్టి మనల్ని ఎవరితో ఆడించాలో నిర్ణయించే ఒక లోపలి లెక్క. ఆ లెక్క ఎంతో ఎవరికీ కనిపించదు. చూపిస్తే మోసగాళ్ళు దాన్ని పెంచుకునే దారులు వెతుకుతారని కావాలనే దాచారు. దాచడం సబబే. కానీ కంటికి కనబడని స్కోరును ఇన్వైట్‌కి షరతుగా పెట్టాక, ఇన్వైట్ రాని ప్రతివాడికీ ఒకే అనుమానం వస్తుంది: నన్ను మోసగాడిగా లెక్కవేశారా? వచ్చినవాడు దాన్ని సత్ప్రవర్తన సర్టిఫికెట్‌లా చూపిస్తాడు. పదేళ్ళు నిజాయితీగా ఆడినవాడు తన అకౌంట్ మీద ఏ మచ్చ పడిందోనని పాత మ్యాచ్‌లు తవ్వుకుంటాడు. మా జగిత్యాల అబ్బాయి ప్రశ్న ఇదే కదా.

ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది దాని ముగింపు. 2023 ఆగస్టు చివర్లో వాల్వ్ అర్హత ఉన్నవాళ్ళందరినీ వీలైనంతగా పిలుస్తామంటూ కొత్త షరతులు చెప్పింది: ప్రైమ్ స్టేటస్ (ఆటలో ఒక ప్రత్యేక హోదా) ఉండాలి, కాంపిటీటివ్‌లో చెల్లుబాటు అయ్యే స్కిల్ గ్రూప్ (ర్యాంకు) ఉండాలి, టెస్టు తెరిచిన ప్రాంతంలో ఉండాలి. ఇవి కూడా షరతులే, వీటి వల్లా చాలామంది బయటే ఉంటారు. తేడా ఏమిటంటే ఈ మూడూ ఎవరికి వారు చూసుకోగలిగినవి. స్కిల్ గ్రూప్ లేకపోతే మ్యాచ్‌లు ఆడి తెచ్చుకుంటారు. తన ప్రాంతం తెరవలేదంటే అది తన తప్పు కాదని తెలుస్తుంది. కొద్ది వారాలకే, సెప్టెంబర్ 27న, ఆట అందరికీ వచ్చేసింది. ఆ రెండో రకం షరతులు మార్చిలోనే చెప్పి ఉంటే ఎంత మనశ్శాంతి మిగిలేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మిగతా దారులు

షరతులు పెట్టకుండా ఇన్వైట్‌ని బహుమతిగా మార్చితే ఏమవుతుందో 2020లో వాలొరెంట్ అనే షూటింగ్ ఆట చూపించింది. ఏప్రిల్ 7న క్లోజ్డ్ బీటా మొదలైంది. ట్విచ్‌లో (ఆటల్ని లైవ్‌గా చూపించే సైటు) ఆ ఆట స్ట్రీములు కనీసం రెండు గంటలు చూస్తే యాక్సెస్ దక్కే అవకాశం ఉంటుంది, హామీ మాత్రం లేదు. ప్రచారంగా చూస్తే అది అఖండ విజయం: ఆ ఒక్క రోజే జనం 3.4 కోట్ల గంటలు చూశారు, ఒక దశలో 17 లక్షల మంది ఒకేసారి చూస్తున్నారు. టెస్టుగా చూస్తే నాకు దిగులేస్తుంది. రాత్రంతా స్ట్రీము పెట్టి, సౌండు తగ్గించి పడుకున్నవాళ్ళు బోలెడంత మంది. కొందరు స్ట్రీమర్లు పాత రికార్డింగుల్ని లైవ్ అని చెప్పి రోజంతా తిప్పారు. దాన్ని ఆపడానికి ట్విచ్ నిబంధన తేవాల్సి వచ్చింది. యాక్సెస్ ఉన్న అకౌంట్లు అమ్మకానికి వచ్చాయి. ఎదురుచూపుకి ధర కట్టారు కాబట్టి దానికి బజారు పుట్టింది. ఆ బీటా మన దేశంలో తెరవనే లేదు. జూన్ 2న ఆట విడుదలయ్యేదాకా ఇక్కడి పిల్లలు బయటి నుంచి చూస్తూ ఉండాల్సిందే. అయితే అది అందరికీ ఒకేలా వర్తించిన మాట, ఎవరినీ విడిగా వేలెత్తి చూపలేదు.

పబ్‌జీ మొబైల్‌కి మన దేశపు రూపమైన బీజీఎంఐ దారి ఇంకోటి: ముందొచ్చినవాడికే. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో నిషేధించాక, 2021 జూన్ 17న బీజీఎంఐకి ఎర్లీ యాక్సెస్ (విడుదలకు ముందే ఆడే వీలు) తెరిచారు. తొమ్మిది నెలలు ఆకలితో ఉన్న జనం ఎగబడితే ప్లే స్టోర్‌లో టెస్టర్ సీట్లు నిండిపోవడం, మళ్ళీ తెరవడం, మళ్ళీ నిండటం. హాస్టల్ వైఫైలో కూర్చుని పేజీ మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ చేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. చిరాకు పడ్డారు, తిట్టుకున్నారు. కానీ "నేనేం తప్పు చేశాను" అని ఒక్కరూ అనలేదు. ఆలస్యంగా వెళ్ళామని వాళ్ళకే తెలుసు. జూలై 2న ఆట పూర్తిగా విడుదలయ్యేసరికి ఆ సంగతే మర్చిపోయారు.

డెడ్‌లాక్ గురించి ఒక్క మాట. 2024లో వాల్వ్ ఈ ఆటను ప్రకటించకుండానే, లోపల ఉన్న ఆటగాళ్ళ ద్వారా వాళ్ళ స్టీమ్ స్నేహితుల్ని పిలిపించింది. ఆగస్టు 23న ఆట ఉందని అధికారికంగా ఒప్పుకునేనాటికే ఒకేసారి 89 వేల మంది ఆడిన సందర్భం ఉంది. ఇక్కడ పిలిచేది కంపెనీ కాదు, స్నేహితుడు. కాబట్టి అలక కూడా స్నేహితుడి మీదికే వెళుతుంది. పని త్వరగా అవుతుంది, నిజమే. మా ఆటకి మాత్రం నేనా దారి ఎంచుకోను. అలా అయితే ఒకరినొకరు ఎరిగినవాళ్ళే లోపలికి వస్తారు, ఎవరూ తెలియని పిల్లవాడు బయటే ఉండిపోతాడు.

రెండో విడత

మా దగ్గర మార్పుకి తోవ తీసింది నా వాదన కాదు, ఫోన్లు. యూట్యూబర్ల దగ్గర ఉన్నవన్నీ ఖరీదైన ఫోన్లు. లాటరీలో వచ్చినవాళ్ళలో సగం మంది జీమెయిల్ తికమకలో ఆగిపోయారు. దాంతో మొదటి విడతలో ఆట ఎక్కడా ఆగినట్టు రిపోర్టు రాలేదు. అందరూ సంతోషించారు. ఫారాల్లో ఇచ్చిన ఫోన్ల వివరాలు తీసి చూస్తే, మా డిస్కార్డ్‌లో ఉన్నవాళ్ళలో ఎక్కువమందివి 3, 4 జీబీ ర్యామ్ ఫోన్లు. మా ఆటను నిజంగా ఆడబోయేది వాళ్ళే. వాళ్ళలో దాదాపు ఎవరూ టెస్టులో లేరు. ఈ లెక్క మీటింగులో పెట్టాక ఎవరూ వాదించలేదు.

ఈసారి ప్రకటన తిరగరాశాను. మాకు కావలసిన ఫోన్లు ఏవో, ఒక్కో రకానికి ఎన్ని సీట్లో, ఎందుకో రాశాం. ఉదాహరణకి: "3 జీబీ ర్యామ్ ఫోన్లు ఉన్నవాళ్ళు మాకు ఎక్కువమంది కావాలి, అక్కడే ఆట ఎలా నడుస్తుందో మాకు తెలియదు." యూట్యూబర్లకి విడిగా, బహిరంగంగా ఒక కోటా పెట్టి, అది ప్రచారం కోసమేనని ఆ మాటే రాశాం. మార్కెటింగ్ వాళ్ళు భయపడ్డారు గానీ అలా చెప్పినందుకు ఒక్కరూ గొడవ పెట్టలేదు. మోడరేటర్లకి ప్రకటనకు రెండు రోజుల ముందే మొత్తం చెప్పాం. ఆటలో సీటు కావాలో వద్దో వాళ్ళనే అడిగాం. సగం మంది వద్దన్నారు. ముందుగా తెలియడమే వాళ్ళకి కావలసింది.

అన్నిటికంటే కష్టపడింది, రానివాళ్ళకి రాసిన మెయిల్ మీద. మామూలుగా అలాంటి మెయిల్ ఎవరూ పంపరు. వచ్చినవాళ్ళకి మాత్రమే పంపి, మిగతావాళ్ళని వాళ్ళ ఊహలకి వదిలేస్తారు. ఫారం నింపిన ప్రతి ఒక్కరికీ పంపాం: మీ ఫోన్ రకానికి సీట్లు నిండాయి, ఫలానా తేదీన మళ్ళీ తెరుస్తాం, మీ అకౌంట్ మీద ఏ ఇబ్బందీ లేదు. ఆ చివరి ముక్క పెట్టమని నేను పట్టుబట్టాను. పక్క టేబుల్ నుంచి ఒకరు "ఎవరూ అడగనిది ఎందుకు చెప్పడం?" అన్నారు. అడిగారని నా ఫోన్ తీసి ఆ అర్ధరాత్రి మెసేజ్ చూపించాను.

కోపం పూర్తిగా పోయిందని చెప్పను. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అది మారదు. ఖరీదైన ఫోన్ ఉన్న కుర్రాళ్ళు ఈసారి అలిగారు. కానీ వాళ్ళ మాట "నాకూ ఇవ్వొచ్చుగా" దగ్గర ఆగింది. డబ్బులకి అమ్ముకుంటున్నారన్న మాట మళ్ళీ వినబడలేదు.

ఈ మధ్య ఒంటరి డెవలపర్లు కొందరు నన్ను దీనికి సరిగ్గా తలకిందుల సమస్యతో అడుగుతున్నారు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ అకౌంట్లకి గూగుల్ ఒక నియమం పెట్టింది: ఆట విడుదల చేయాలంటే ముందు కనీసం 20 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి. తర్వాత దాన్ని 12కి తగ్గించారు. ఆ డజను మంది కూడా దొరక్క చుట్టాల ఫోన్లన్నీ అడుక్కునే వాళ్ళున్నారు. వాళ్ళకీ నేను చెప్పేది ఒకటే: ఎవరు కావాలో, ఎందుకు కావాలో రాసి అడగండి. "మా ఆట టెస్ట్ చేయండి" అంటే కదలని మనిషి, "మీ పాత ఫోనే మాకు కావాలి" అంటే తప్పకుండా వస్తాడు.

జగిత్యాల అబ్బాయి ఫోన్ 3 జీబీది. రెండో విడతలో మొదటి రోజే అతనికి వెళ్ళింది. మూడో రోజు ఒక చిన్న వీడియో పంపాడు. ఇంట్లో స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద ఫోన్ పెట్టి ఆడుతున్నాడు, వేడెక్కకుండా. బాల్ బౌండరీ దాటింది, స్టేడియంలో జనం లేచి నిలబడ్డారు, స్క్రీన్ ఆగింది, ఆట మూసుకుపోయింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ ఫోర్, మళ్ళీ అంతే. కింద రాశాడు: "అక్కా, ఫోర్ కొడితే బందైతుంది. సింగిల్స్ తీస్తె మంచిగ నడుస్తుంది. ఓవర్ మొత్తం సింగిల్సే తీసి చూసిన." లేచి నిలబడే జనం బొమ్మలన్నీ ఒక్కసారిగా మెమరీలోకి వస్తున్నాయని, చిన్న ఫోన్ దాన్ని మోయలేకపోతోందని మా ప్రోగ్రామర్ గంటలో పట్టేశాడు.

తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లలో ఇప్పుడు మా ప్రేక్షకులు లేవరు. కూర్చునే చప్పట్లు కొడతారు.